చిమ్నీలో ఏదో ఉంది

ఏమోయ్, గ్లాసు వాసన చూస్తున్నావేంటి? తాగవయ్యా! అందులో ఏమీ కలపలేదు. మా కొండమీద తవ్వి తీసే చేదువేళ్ళ సారా, అంతే. క్లోవిస్ పోసిన గ్లాసుని అలా అనుమానంగా చూసేవాళ్ళు ఈ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు గానీ, నువ్వు నిన్నగాక మొన్న వచ్చినవాడివి, అప్పుడే నీ చెవిలో ఎవరు ఊదారు? మా చెల్లెలేనా? కుర్చీని కూడా తడిమి చూసుకునే కూర్చున్నావు, నేను చూడలేదనుకోకు. అందులో సూది ఉంటే ఈపాటికి నీకే తెలిసేది. సరే, కాళ్ళు చాపుకో. ఆ గాజు తలుపు వెనక మంట చూస్తూ విను. ఆ ఇనప పెట్టె ఆ పొయ్యిలోకి ఎలా వెళ్ళిందో చెప్తా. అంతా విన్నాక కూడా నన్నే అనుమానిస్తే నీ ఖర్మ.

ఇది మా చెల్లెలు ఒదీల్ ఇల్లు. నా ఇల్లు గోడవతల. అప్పట్లో ఇక్కడ ఈ పెట్టె లేదు, వట్టి రాతి పొయ్యి. మా కొండల్లో దాన్ని కాంతూ అంటాం. ఎడ్లబండిని తోలుకుంటూ లోపలికి వెళ్ళిపోవచ్చు, అంత పొయ్యి. లోపలే ఓ పక్కన ఉప్పుపెట్టె ఉండేది. దానిమీద కూర్చునే హక్కు ఇంట్లో పెద్దదానిది, అంటే మా బావ బజీల్ తల్లి జెలీ అత్తది. ఆవిడ పొద్దున కూర్చుంటే రాత్రికి లేచేది. చూడ్డానికి గొప్పగా ఉండేదిలే ఆ పొయ్యి. కానీ దాని ముందు కూర్చున్నవాడికి మోకాళ్ళు కాలేవి, వీపు గడ్డకట్టేది. వేడంతా ఆకాశంలో చుక్కలకి, పొగంతా మనకి. ఉత్తరపు గాలి మొదలైతే చాలు, ఇంట్లో వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా భోంచేసేవాళ్ళు. కొన్ని కాపరాలకి అదీ మంచిదే అనుకో.

ఆ ఏడాది ఒదీల్ కూతురు సోలాంజ్ ప్రసవించింది. దాని మొగుడు చలికాలమంతా మంచుకొండల్లో, జారుడు ఆటలవాళ్ళని పైకి లాగే తాళ్ళ దగ్గర పని. అందుకని పిల్లని తీసుకుని చలి పోయేదాకా పుట్టింట్లో ఉంటానంది. శనివారం ప్రయాణం. ఈలోగా కిందున్న ఒరియాక్ పట్నం నుంచి మంత్రసాని వచ్చి ఇల్లు చూసింది. ఈ గదిలో నిలబడింది, దగ్గింది, కళ్ళు తుడుచుకుంది.

"ఈ పొగలో పసిగుడ్డా? ఒక్క పూట కూడా వీల్లేదమ్మా. పొయ్యికి తలుపు పెట్టించండి, లేదంటే పిల్లని వాళ్ళ నాన్నమ్మ దగ్గర ఉంచండి" అంది.

నాన్నమ్మ అంటే ఒదీల్ వియ్యపురాలు. ఒరియాక్‌లో, గోడలకి వేడినీళ్ళ గొట్టాలున్న ఇంట్లో ఉంటుంది. ఆవిడ పేరు ఎత్తితే ఒదీల్ గిన్నెల్ని నేలకేసి కొడుతుంది. ఆ రోజు ఓ చట్టికి చెవి ఊడింది.

కాబట్టి విషయం ఇదీ. శనివారం లోపల పొయ్యిలో గాజు తలుపున్న ఇనప పెట్టె కూర్చోవాలి. కూర్చుంటే మనవరాలు ఒదీల్ ఒళ్ళోకి, లేదంటే చలికాలమంతా వియ్యపురాలి ఒళ్ళోకి. పొయ్యిల పనివాడు ఆన్సెల్మ్ ఒక్కరోజు ఇస్తానన్నాడు. మంచు పడేలోపు లోయంతా వాడికోసం కాచుకుని ఉంటుంది. ఆ రోజు తప్పితే మళ్ళీ మంచు కరిగాకే.

ఇంట్లో ఈ పెట్టె ఇష్టం లేనివాడు ఒక్కడే, మా బావ. ఎందుకంటే చిమ్నీ గొంతులో అడ్డంగా ఓ ఇనప కమ్మీ ఉండేది. దాని కొక్కేలకి పంది తొడలు వేలాడదీసేవాడు. ఆ పొగకి చలికాలమంతా ఊరితే ఆ తొడ రుచే వేరు. నిజం చెప్పాలి, అది మాత్రం వేళాకోళం కాదు. పెట్టె వస్తే చిమ్నీ గొంతు రేకుతో మూసేస్తారు. పొగంతా స్టీలు గొట్టంలోంచే పోతుంది. తొడకి ఇక పొగ ఎక్కడిది?

"మా తాత పెట్టిన కమ్మీ అది. దాన్ని నేను ముట్టుకోను, ముట్టుకోనివ్వను" అన్నాడు బజీల్.

"తొడ కావాలా, మనవరాలు కావాలా?" అంది ఒదీల్.

"మనవరాలే" అనడానికి బావ కొంచెం ఎక్కువసేపే తీసుకున్నాడు. అది నా బుర్రలో రాసిపెట్టుకున్నా.

గురువారం పొద్దున్నే ఆన్సెల్మ్ వ్యాను వచ్చింది. నేను నా కుర్చీ నేనే తెచ్చుకుని పొయ్యికి ఎదురుగా వేసుకున్నా. పక్కవాడు పని చేస్తుంటే చూడటం కన్నా సుఖం ఏముందయ్యా లోకంలో?

ఆన్సెల్మ్ గడపలోనే ఆగిపోయాడు. "ఈయనెందుకున్నాడు ఇక్కడ?"

"పెద్దమనిషి హోదాలో" అన్నా.

"చేతులు చూపించు బాబాయ్."

చూపించా. తిప్పి మరీ చూశాడు. వాడి తప్పేం లేదులే, ఓసారి వాడి మసి సంచిలో నా కోడిపుంజుని కట్టి పంపా. లోయలో మలుపు దగ్గర సంచి విప్పుకుని పుంజు వాడి నెత్తినెక్కి కూసిందట. వ్యాను కాలవలో, వాడు వ్యానులో, పుంజు వాడి మీద. ఆ రోజునుంచి నన్ను చూస్తే వాడు సంచులు దులుపుకుంటాడు.

పొద్దుటి పని చిమ్నీ శుభ్రం చెయ్యడం. ఆన్సెల్మ్ కప్పెక్కి, పెద్ద ముళ్ళ బ్రష్షుకి తాడు కట్టి కిందికి వదిలాడు. అది పైనుంచి పొయ్యిదాకా ఎక్కడా ఆగకుండా దిగింది. నేను చూశా, ఒదీల్ చూసింది, బజీల్ చూశాడు. గోడవార జరిపిన ఉప్పుపెట్టె మీద కూర్చుని జెలీ అత్త కూడా చూసింది. కమ్మీకి ఉన్న ఒక్కగానొక్క తొడని బావ ముందే దించి, పక్కగదిలోకి ఎత్తుకుపోయాడు, నిద్రపోతున్న పిల్లాణ్ణి ఎత్తుకుపోయినట్టు.

మధ్యాహ్నం భోజనాలు. క్యాబేజీ సూపు, తర్వాత చీజ్ కరిగించి కలిపిన బంగాళాదుంపలు. సూపు మధ్యలో నేను లేచి, ఇంటికెళ్ళి సీసా తెచ్చా. ఇదిగో, నీ చేతిలో ఉన్నదే, ఆ రకం. లేచింది ఒక్కసారే. ఆ ఒక్కసారి లేవడమే నా కొంప ముంచింది.

భోజనాలయ్యాక ఆన్సెల్మ్ మళ్ళీ కప్పెక్కాడు. ఈసారి స్టీలు గొట్టం దింపాలి. నేను నా కుర్చీలో కడుపు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నా. పైన గరగరమని చప్పుడు. తర్వాత ఆగిపోయింది. మళ్ళీ గరగర. మళ్ళీ ఆగింది.

"ఇరుక్కుంది!" పైనుంచి కేక.

"ఏం ఇరుక్కుంది?" అని ఒదీల్.

"గొట్టం! పొద్దున ఖాళీగా ఉన్న చిమ్నీలో ఇప్పుడేదో ఉంది!"

అందరూ ఒక్కసారే నావైపు తిరిగారు. జెలీ అత్త పిల్లి కూడా తిరిగింది.

ఆన్సెల్మ్ దిగొచ్చి నా ముందు నిలబడ్డాడు. "ఏం పెట్టావు బాబాయ్?"

"నేనేం పెట్టలేదురా."

"పొద్దున బ్రష్షు సాఫీగా దిగిందా?"

"దిగింది."

"భోజనం మధ్యలో లేచిందెవరు?"

"నేను. సీసా కోసం."

"గోడవతలనుంచి సీసా తేవడానికి సూపు చల్లారేదాకా ఎందుకు?"

"మూత బిగుసుకుపోయిందిరా."

"మూత ఇక్కడికొచ్చాక తియ్యొచ్చుగా. అక్కడే ఎందుకు తీశావు?"

అసలు సంగతేంటంటే అక్కడే రెండు గుక్కలు వేసుకున్నా. అది నలుగురిలో చెప్పుకునే మాటా?

"నా మీసం మీద ఒట్టు, నేను పెట్టలేదు" అన్నా.

"నీకు మీసం లేదు బాబాయ్."

"ఉంటే దానిమీద!"

ఒదీల్ దగ్గరికొచ్చింది. గొంతు తగ్గించి అడిగింది. "అన్నయ్యా, నీ వేళాకోళాలకి ఇదా సమయం? ఎల్లుండి పిల్ల వస్తోంది. ఇప్పుడే తీసెయ్, నిన్నేమీ అనను. తియ్యకపోతే ఆ పిల్ల మొదటి నవ్వు ఒరియాక్‌లో ఆ మహాతల్లికి దక్కుతుంది. నువ్వు ఆ పాపం మొయ్యగలవా?"

"ఒసేయ్, నేను పెట్టలేదే!"

ఏప్రన్ ఎత్తి మొహం కప్పేసుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. చెల్లెలు అలా కుమిలిపోతుంటే చూడలేక గోడవైపు తిరిగా. ఆన్సెల్మ్ మాత్రం బయటికెళ్ళి నిచ్చెనలు వ్యానుకి కట్టడం మొదలెట్టాడు.

"పెట్టినవాడు తీస్తే పని జరుగుతుంది. లేదంటే మంచు కరిగాక కలుద్దాం" అని కిటికీలోంచి అరిచాడు.

చూశావా నా గతి? జన్మంతా నిజంగా చేసిన పనులకి ఎవరికీ దొరకలేదు. చెయ్యని పనికి దొరికిపోయా.

అప్పుడు నా బుర్రకి పదును పెట్టా. మా చిమ్నీ ఎంత వెడల్పంటే అందులోంచి బలిసిన దూడ జారి పడొచ్చు. నా తొడంత లావు గొట్టం అందులో ఇరుక్కుందంటే, ఆ అడ్డం పెట్టింది చిన్న వస్తువు కాదు. పెట్టినవాడికి కండ ఉండాలి, కారణం ఉండాలి. కారణం ఎవరికుంది? మూలన నిలబడి చాకుతో గోళ్ళలో మట్టి తీసుకుంటున్నవాడికి.

"బావా, నీ తొడ ఏది?" అన్నా.

"ఏ తొడ?"

"పొద్దున కమ్మీనుంచి దించిన తొడ."

"పక్కగదిలో ఉంది."

వెళ్ళి చూశా. బల్లమీద ఉంది. శుభ్రమైన తెల్లగుడ్డ చుట్టి, పైన తాడు కట్టి ఉంది. అది అక్కడ ఉండటంతో నాకు అనుమానం ఇంకా పెరిగింది. ఏ తప్పూ చెయ్యని పంది తొడకి అంత శ్రద్ధగా గుడ్డ ఎవరు చుడతారు?

"బావా, దొడ్లో పందులన్నీ ఉన్నాయా?"

"ఉంటే?"

"ఒక పంది తగ్గిందేమో చూసుకో. నిండు పందిని చిమ్నీలో కట్టినా కట్టగలవు నువ్వు. చివరిసారి పొగ పెట్టుకుందామని."

బజీల్ నవ్వలేదు, కోపగించుకోలేదు. "నీలాంటి బుర్ర నాకుంటే నేనీ పాటికి నీలాగే ఉండేవాణ్ణి" అన్నాడు. అది పొగడ్తో తిట్టో నాకిప్పటికీ తేలలేదు.

జెలీ అత్త దగ్గరికి వెళ్ళా. "అత్తా, నువ్వు పొద్దుట్నుంచి ఇక్కడే ఉన్నావు. పొయ్యి దగ్గరికి ఎవరెళ్ళారు?"

"ఆఁ?"

"పొయ్యి దగ్గరికి! ఎవరు!"

"ఇవాళ చెవులు పని చెయ్యట్లేదు నాయనా" అని పిల్లిని నిమిరింది.

పక్కగదిలో ఎవరైనా వెన్న ఎక్కువ రాసుకుంటే కత్తి చప్పుడుని బట్టి పట్టేసే మనిషి ఆవిడ. ఆ చెవులు సరిగ్గా ఇవాళే పని చెయ్యవా? అంటే ఆవిడకీ ఏదో తెలుసు. కొడుకుని కాపాడుతోంది. ఈ ఇంట్లో గోడలు తప్ప అందరూ దొంగల్లాగే కనిపించారు నాకు. కాసేపటికి నామీద నాకే అనుమానం మొదలైంది. రెండు గుక్కలు వేసుకున్నాక ఏం చేశానో నాకు మాత్రం అంత స్పష్టంగా గుర్తుందా? చేతులు అలవాటుగా ఏదో చేసేసి ఉంటే?

"ఒరేయ్ ఆన్సెల్మ్! నిచ్చెనలు దించు!" అని అరిచా. "నేనే లోపలికెళ్ళి చూస్తా. అందులో ఉన్నదేంటో, ఎవరిదో నీ మొహాన పెడతా."

పొయ్యిలో ఒక నిచ్చెన వేసుకుని చిమ్నీలోకి దూరా. ఆన్సెల్మ్ మళ్ళీ కప్పెక్కాడు. లోపల తలెత్తితే నోట్లో మసి, తల దించితే మెడలో మసి. దీపం పైకెత్తి చూశా. గొట్టం ముక్కు పైన కనిపిస్తోంది. దాని కింద ఏమీ లేదు! పంది లేదు, పక్షిగూడు లేదు, గడ్డిపరక లేదు. గొట్టం గాల్లో నిలబడింది, దెయ్యం పట్టుకున్నట్టు.

"ఇక్కడేమీ లేదురా!"

"లేకపోతే ఎందుకు దిగట్లేదు? తీసేసి చొక్కాలో దాచావా?"

కిందికొచ్చి అందరి ముందూ చొక్కా విప్పి దులిపా. రాలిందంతా మసే. జెలీ అత్త కళ్ళు మూసుకుంది, నా మర్యాద కోసమో తన మర్యాద కోసమో.

"కమ్మీకి కట్టాడేమో చూడండి, కంటికి కనపడని తీగ కట్టుంటాడు" అంటున్నాడు పైనుంచి ఆన్సెల్మ్.

"కమ్మీకి ఏమీ లేదు!"

"లేకపోతే కమ్మీని కోసెయ్ బాబాయ్, నమ్ముతా. అందులో ఏదో మర్మం ఉంది కాబట్టే నువ్వు కొయ్యవు."

కొయ్యనా? నేనా? రంపం ఇమ్మన్నా. బావ మొహం చూశా. ఇప్పుడు బయటపడతాడు, ఇప్పుడు అరుస్తాడు అనుకున్నా. బజీల్ టోపీ తీసి గుండెకి పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు, అంతే. ఆ కమ్మీ అతని తాత కాలం ఇనుము. ఎన్నేళ్ళ కొవ్వూ, ఎన్నేళ్ళ పొగా తాగి గట్టిపడిందో. రంపం మీద నా భుజం అరిగిపోయింది. రెండు చివరలూ తెగి అది పొయ్యిలో పడేసరికి నా చేతులు నావి కావనిపించింది.

"ఇప్పుడు దింపు!"

గరగర. ఆగింది.

"దిగట్లేదు బాబాయ్. అంటే అడ్డం పైన ఎక్కడో ఉంది. నువ్వే పైకి రా. పెట్టిన చేత్తోనే తియ్యి."

మా కప్పులు రాతి పలకలవి. తడిస్తే చేపల్లా జారతాయి. ఈ వయసులో నేను గాలిలో, మోకాళ్ళమీద, ఒక్కో పలకనీ బతిమాలుకుంటూ చిమ్నీ దాకా పాకా. ఆన్సెల్మ్ గొట్టాన్ని నా కౌగిట్లో పెట్టాడు. "గట్టిగా పట్టుకో. వదిలితే నువ్వే దోషివి. దాని ముక్కుకి తాడు కట్టి వదిలా, నేను కిందికెళ్ళి లాగుతా" అని దిగిపోయాడు. దాని బరువు చూస్తే నన్నే చిమ్నీలోకి లాక్కుపోయేలా ఉంది. కింద తాడు కదిలింది. గొట్టం దిగడం మొదలెట్టింది. తల్లి పొదుగు వెతుక్కునే దూడలాగా నేరుగా వెళ్ళింది. ఎక్కడా ఆగలేదు!

"చూశారా?" అని కింద ఆన్సెల్మ్ గట్టిగా చెప్తున్నాడు, చిమ్నీలోంచి నాకు వినపడేలా. "ఆయన ముట్టుకోగానే దిగింది! పెట్టినవాడికి తప్ప దాని గుట్టు ఎవరికి తెలుస్తుంది?"

ఏం చెప్పను? దిగకపోతే నా తప్పు, దిగితే నా తప్పు.

నేను దిగొచ్చేసరికి వ్యానులోంచి పెట్టె దించాలి. పోత ఇనుము, గాజు తలుపు, ఈనడానికి సిద్ధంగా ఉన్న ఆవంత బరువు. నేను నా కుర్చీ వైపు నడుస్తున్నా.

"ఎక్కడికి?" అన్నాడు ఆన్సెల్మ్. "నా వెనక నిన్ను వదిలిపెట్టి పెట్టె మొయ్యమంటావా? ఆ పుంజు సంగతి నేనింకా మర్చిపోలేదు. ముందువైపు నువ్వు పట్టుకో. రెండు చేతులూ నాకు కనపడాలి."

"బావని పట్టుకోమను!"

"నేను పట్టుకుంటే సాక్ష్యాలు చెరిగిపోతాయి" అన్నాడు బజీల్. గోడకి ఆనుకున్నాడు.

పట్టుకున్నా. వాకిట్లోంచి గడపదాకా, గడపనుంచి పొయ్యిదాకా. నా వేళ్ళ కణుపులు ఈ గుమ్మానికి రాసుకున్న గుర్తు ఇంకా ఉంది, వెళ్ళేటప్పుడు చూపిస్తా. చెక్కల మీద పెట్టెని జరిపి పొయ్యిలో కూర్చోబెట్టాం. గొట్టానికి తగిలించాం. చిమ్నీ గొంతుకి రేకు బిగించాం. ఆన్సెల్మ్ నిప్పుకి కాలని పీచు కట్ట ఒకటి నా ఒళ్ళో పడేశాడు.

"రేకు అంచుల్లో నువ్వే కూరు బాబాయ్. ఎక్కడా వేలు దూరేంత సందు ఉండకూడదు. రేపు ఏ సందులోంచైనా ఏదైనా బయటికొచ్చిందంటే, దాన్ని పెట్టే చోటు వదిలింది నువ్వేనని ఊరంతా చెప్తా."

అంత మాట అన్నాక కూరనా? పిచ్చుక ఈక కూడా దూరకుండా కూరా. ఇంత పని నా ఇంట్లో నేను ఎప్పుడూ చెయ్యలేదు. కూరుతూ కూరుతూనే బావని ఓ కంట కనిపెడుతూ ఉన్నా. అతను మాత్రం ఒదీల్ పోసిన వేడి కాఫీ తాగుతూ, నా పని బాగుందో లేదో చూస్తున్నట్టు తలూపుతున్నాడు.

పొద్దు వాలుతుండగా ఆన్సెల్మ్ పెట్టెలో పుల్లలు పేర్చి అగ్గిపుల్ల గీశాడు. పొగ ఓ క్షణం గాజు వెనక గిర్రున తిరిగింది, దారి తెలియని చుట్టంలాగా. తర్వాత ఒక్క గుటకలో గొట్టం దాన్ని మింగేసింది. మంట నిటారుగా లేచింది. తలుపు మూశాడు. గదిలోకి ఒక్క పొగ చార కూడా రాలేదు. జెలీ అత్త తన ఉప్పుపెట్టెని జరిపించుకుని గాజు ముందుకొచ్చి కూర్చుంది.

ఒదీల్ బట్టల పెట్టెలోంచి చిన్న బొంత తీసింది, అరచెయ్యంత టోపీ తీసింది. కుర్చీ వీపుమీద ఆరేసి, కాసేపయ్యాక మొహానికి ఆనించుకుని వాసన చూసింది. మళ్ళీ చూసింది.

"పొగ వాసన లేదు" అంది మెల్లగా. "శనివారం ఇక్కడికే వస్తుంది నా బంగారం."

బజీల్ కూడా అటు చూడకుండా ఉండలేకపోయాడు. అతని ముక్కు ఎర్రబడింది. జలుబంట.

అందరికీ గ్లాసులు పోశారు. కానీ నా కడుపులో మంట పెట్టెలో మంటకన్నా ఎక్కువగా ఉంది. నెత్తినుంచి కాలిగోళ్ళ దాకా మసి, భుజం కదలదు, పైగా దొంగ అన్న పేరు. గ్లాసు బల్లమీద కొట్టా.

"నేను తాగను. చిమ్నీలో అడ్డం పెట్టిందెవరో, పెట్టిందేంటో తేలాకే తాగుతా. బావా, నువ్వే కదూ? ఒప్పేసుకో, ఏమీ అనను."

బావ గ్లాసులోకి చూశాడు. ఆన్సెల్మ్‌కి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. ఒదీల్ ఏప్రన్ వెతుక్కుంది.

"పాపం, చెప్పేద్దురూ" అంది జెలీ అత్త. చెవులు వచ్చేశాయి ఆవిడకి. "చిమ్నీలో ఏమీ లేదు క్లోవిస్. గొట్టం ఎక్కడా ఇరుక్కోలేదు. పైన ఆన్సెల్మే గట్టిగా పట్టుకున్నాడు, కిందికి దిగినప్పుడల్లా చిమ్నీ అంచుకి కట్టేశాడు. ఈ ఇంట్లో ఆ సంగతి తెలియంది ఇద్దరికే, నీకూ ఆ పంది తొడకీ."

నోరు తెరిచా. మసి వచ్చింది.

"ఆన్సెల్మ్ వెంట పనికి వచ్చే మనిషి చెయ్యి విరగ్గొట్టుకున్నాడట. ఇంకో మనిషి లేకపోతే రానని నిన్న పొద్దున కబురు చేశాడు. నిన్ను అడగమన్నాడు బజీల్. అప్పుడు నా కోడలు ఏమందో తెలుసా?" జెలీ అత్త గొంతు సరిచేసుకుని, అచ్చం మా చెల్లెలి గొంతుతో అంది: "'మా అన్నయ్యని పని అడక్కండి, అప్పటికప్పుడు నడుం పట్టేస్తుంది. ఓ నింద వేసి వదలండి, సాయంత్రానికల్లా ఎద్దులా లాగి పెడతాడు.'"